స్పర్ధకు హద్దు ఎక్కడ? ‘రష్’ చిత్రం, పిల్లల పెంపకం

ఆటల ద్వారా పెద్దలు పిల్లలకు నేర్పే గుణాలలో స్పర్ధ, అంటే తనకు సమానుడైన మరొకణ్ణి మించాలన్న పట్టుదల, చాలా బలమైనది; అయినా పెద్దలు దాన్ని గురించి నిలిచి ఆలోచించడం తక్కువ. భారతీయ నీతిశాస్త్రం మాత్సర్యాన్ని, అంటే ఇతరుల మేలు చూసి ఓర్వలేని గుణాన్ని, కామక్రోధాదులతో పాటు అరిషడ్వర్గంలో, మనిషి లోపల ఉండే ఆరుగురు శత్రువులలో చివరిదిగా లెక్కించింది. అదే సంప్రదాయం మరోవైపు విలువిద్యా ప్రదర్శనలలో, పండిత సభలలో పోటీని ఆదరించి, గెలిచినవానికి సన్మానాలు చేసింది. ఈ రెండు వైఖరులూ ఒకదానినొకటి కొట్టివేస్తున్నాయా, లేక మాత్సర్యానికీ స్పర్ధకూ నడుమ నిజంగా ఒక గీత ఉన్నదా, ఉంటే దానిని బిడ్డకు చూపించడం ఎలా అన్నది తత్త్వశాస్త్రంలో ఎంత పాతదో ఇంటిలో అంత నిత్యమైన ప్రశ్న. ఎందుకంటే పక్కింటి పిల్లవాని మార్కులు అడిగిన ప్రతి తల్లీ తండ్రీ తెలిసో తెలియకో దానికి ఏదో ఒక జవాబు చెబుతూనే ఉన్నారు.

నిజంగా జరిగిన ఒక పోటీని ముందుంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించడానికి 2013లో విడుదలైన ‘రష్’ అనే ఇంగ్లీషు చిత్రం అనువైనది. పీటర్ మోర్గన్ రచించగా రాన్ హోవర్డ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1976 నాటి ఫార్ములా వన్ పోటీలను, అంటే ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే కార్లతో అనేక దేశాలలో ఏడాది పొడవునా సాగే ప్రపంచ స్థాయి పందేల వరుసను, ఇద్దరు మనుషుల కథగా చెబుతుంది. ఒకడు బ్రిటన్‌కు చెందిన జేమ్స్ హంట్, రెండవవాడు ఆస్ట్రియాకు చెందిన నికీ లౌడా; తెరపై ఆ పాత్రలను క్రిస్ హెమ్స్‌వర్త్, డేనియల్ బ్రూల్ పోషించారు. 1975లో ఫెరారీ జట్టు తరఫున ప్రపంచ విజేత అయిన లౌడా కారును విడి భాగాలుగా ఆలోచించే మనిషి, యంత్రం ఎక్కడ బరువుందో ఎక్కడ తేలికయిందో కూర్చున్న క్షణంలో పట్టేయగలవాడు. మెక్‌లారెన్ జట్టులో కొత్తగా చేరిన హంట్ పందేనికి ముందు భయంతో వాంతి చేసుకొని, కారెక్కిన తరువాత ఆ భయాన్నే తెగువగా మార్చుకునే స్వభావం కలవాడు. ఆ ఏడాది జరిగిన 16 పందేల చివర హంట్‌కు 69 పాయింట్లు, లౌడాకు 68 పాయింట్లు రావడంతో ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ విజేత ఎవరో తేలింది.

చిత్రం పిల్లలకు తగినదా కాదా అన్న మొదటి ప్రశ్నకు జవాబు కష్టం కాదు. శృంగార దృశ్యాలు, నగ్నత్వం, బూతు మాటలు, కాలిన గాయాల వివరాలు ఉన్నందువల్ల అమెరికాలో దీనికి 17 ఏళ్లలోపువారు పెద్దల తోడు లేనిదే చూడరాదన్న వర్గీకరణ, బ్రిటన్‌లో 15 ఏళ్లు నిండినవారికి మాత్రమే అన్న వర్గీకరణ లభించాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది పండుగ పూట అందరూ కలిసి చూసే చిత్రం కాదు. అయితే తల్లిదండ్రుల పరిశీలన ఇక్కడితో ఆగిపోతే అసలు విషయం మిగిలిపోతుంది. నగ్నత్వం, తిట్లు కంటికి కనబడే దోషాలు కనుక పెద్దలు వాటిని గుర్తించి పిల్లలను తప్పించగలరు. విజయాన్ని గురించి, ప్రాణాన్ని గురించి, ప్రత్యర్థిని గురించి ఒక చిత్రం మౌనంగా నూరిపోసే భావాలు కంటికి కనబడవు కనుక, ఏ వర్గీకరణా వాటిని హెచ్చరించదు కనుక, పెద్దలు శ్రద్ధ పెట్టవలసింది ముఖ్యంగా వాటి మీదనే.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ అలంకారశాస్త్ర గ్రంథంలో అసూయనూ స్పర్ధనూ విడదీసిన తీరు ఇక్కడ పనికివస్తుంది. రెండింటిలోనూ ఉన్నది బాధే అని అతడు ఒప్పుకుంటాడు. కానీ అసూయాపరుని బాధ ఎదుటివానికి మేలు కలిగినందుకు, స్పర్ధాశీలుని బాధ ఆ మేలు తనకు ఇంకా లేనందుకు. మొదటివాడు ఎదుటివాని నుంచి దానిని లాగివేయాలని చూస్తాడు, రెండవవాడు దానికి తనను తాను అర్హునిగా చేసుకోవాలని చూస్తాడు. గౌతముని న్యాయసూత్రాలు వాదవివాదాలను వర్గీకరించిన పద్ధతి దీనికి సరిజోడు, అంతకంటే కొంత సూక్ష్మమైనది కూడా. సత్యం తేల్చుకోవాలని ప్రమాణాలతో, తర్కంతో సాగే చర్చ వాదం; గెలుపే లక్ష్యంగా, ఎదుటివాని మాటకు అతడు తలపెట్టని అర్థం అంటగట్టే ఛలం వంటి ఉపాయాలను కూడా వాడుకొని సాగేది జల్పం; తనకంటూ నిలబెట్టవలసిన పక్షమేదీ లేకుండా ఎదుటి పక్షాన్ని పడగొట్టడానికే సాగేది వితండం. మూడింటిలోనూ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలుస్తారు, మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. భేదం ఉన్నది ఆ ఇద్దరూ దేనికోసం నిలిచారన్న దానిలో. 20వ శతాబ్ది తొలినాళ్లలో తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ నడుమ సాగిన పోటీని తలచుకుంటే, ఒకే స్పర్ధలో వాదం, జల్పం ఎంతగా పెనవేసుకుపోగలవో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1976 పోటీలకు ఈ వర్గీకరణను అన్వయిస్తే చిత్రం పైపైన చూపి వదిలిన ఒక విషయం స్పష్టమవుతుంది. స్పెయిన్‌లో హంట్ గెలుపు అతని కారు నిర్ణీత వెడల్పు కంటే 1.8 సెంటీమీటర్లు ఎక్కువగా ఉన్నదన్న కారణంతో రద్దయి, అప్పీలు మీద మళ్లీ అతనికే దక్కింది. బ్రిటన్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో అతడు గెలిచిన పందెం ఫిర్యాదుల తరువాత లౌడా ఖాతాలోకి వెళ్లింది. ఇటలీలోని మోంజాలో పెట్రోలు నాణ్యతపై వచ్చిన ఆక్షేపణతో హంట్ వెనుక వరుసల నుంచి బయలుదేరవలసి వచ్చింది. నిబంధనలు లేని ఆట ఆట కాదు కనుక ఫిర్యాదు చేయడం తప్పని ఎవరూ అనలేరు, 1.8 సెంటీమీటర్లయినా ఉల్లంఘన ఉల్లంఘనే. అయినా ఈ వ్యాజ్యాలలో కార్లు నడిపినవారి నైపుణ్యానికి చోటు లేదు. అవి జట్ల యజమానులు, నిర్వాహకులు, న్యాయవాదులు, అనగా పెద్దలు, పట్టికలోని అంకెల కోసం సాగించిన జల్పం. పిల్లల పోటీలలోనూ ఇదే జరుగుతుందన్నది గమనించదగిన సంగతి: మైదానంలో పిల్లలు వాదంగా మొదలుపెట్టిన పోటీని గట్టు మీద నిలిచిన పెద్దలు జల్పంగా మార్చివేస్తారు. మహాభారతంలో అర్జునుణ్ణి మించిన విలుకాడు ఉండరాదన్న మాట నిలబెట్టుకోవడానికి ద్రోణుడు ఏకలవ్యుని బొటనవేలు కోరినప్పుడు పెరిగినది అర్జునుని విద్య కాదు, తరిగినది లోకంలోని విలువిద్య. తమ బిడ్డ గెలవాలన్న కోరిక ఎదుటి బిడ్డ ఓడాలన్న కోరికగా మారే క్షణం ఏ తల్లికైనా తండ్రికైనా రావచ్చు, దానిని లోపలే గుర్తించి ఆపుకోవడం పెంపకంలో మొదటి బాధ్యత.

భాగవతం సప్తమ స్కంధంలో, శిశుపాలుని వంటి ద్వేషి కృష్ణునిలో ఎలా లీనమయ్యాడని ధర్మరాజు అడగగా నారదుడు చెప్పిన సమాధానం స్పర్ధను మరో కోణం నుంచి చూపుతుంది. భయంతోనో వైరంతోనో అయినా సరే ఎడతెగక తలచినవాడు తలచిన రూపాన్నే పొందుతాడనీ, గోడ మీద తనను బంధించిన తుమ్మెదను భయంతో ధ్యానించి పురుగు తుమ్మెద అయినట్లు ఇది జరుగుతుందనీ అతడంటాడు. పండితులు దీనినే భ్రమరకీట న్యాయం అంటారు. పోతన చేతిలో తెలుగైన ఈ వైరభక్తి భావన మోక్షానికి సంబంధించినదే అయినా, అందులోని మానసిక సత్యం పోటీకి పూర్తిగా వర్తిస్తుంది. ప్రత్యర్థి అంటే మనిషి మిత్రులకంటే ఎక్కువగా తలచుకునే వ్యక్తి. కనుక అతనిలో దేనిని తలచుకుంటున్నామన్నది తలచేవాని స్వభావాన్ని మలుస్తుంది. చిత్రంలో, ఆ ఏడాది ఒక పందెంలో మంటలలో చిక్కుకొని గాయపడిన లౌడా ఆసుపత్రి మంచం మీద, ఊపిరితిత్తులలోకి గొట్టం దించి లోపల పేరుకున్న కల్మషాన్ని పీల్చివేసే భరింపరాని చికిత్సకు లోనవుతూ, టీవీలో హంట్ ఒక్కొక్క పందెం గెలవడాన్ని చూస్తాడు. తిరిగి వచ్చాక తన గాయాలకు కారణం నీవైతే తన పునరాగమనానికీ కారణం నీవేనన్న అర్థం వచ్చేట్లు అతనితో మాట్లాడతాడు. ఆ మంచం మీద అతడు హంట్ దురలవాట్లను తలచుకొని తృప్తి పడలేదు, హంట్ వేగాన్ని తలచుకొని లేచాడు. పిల్లవాడు తోటివానిని గురించి ఇంట్లో ఏమి మాట్లాడుతున్నాడో, అతని నైపుణ్యాన్ని గురించా, అతని లోపాలను గురించా అన్నది శ్రద్ధగా వింటే, ఆ పోటీ బిడ్డను ఎటు తీసుకుపోతున్నదో తల్లిదండ్రులకు తెలిసిపోతుంది.

ఇంత మంచి సూచన ఇచ్చిన చిత్రం రెండు చోట్ల పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది, వాటిని పెద్దలు విప్పి చెప్పక తప్పదు. మొదటిది, వాస్తవంలో హంట్, లౌడా కింది స్థాయి పందేల నాటి నుంచే స్నేహితులు. చిత్రం కథలో ఉద్రిక్తత కోసం ఆ స్నేహాన్ని చాలావరకు పక్కకు నెట్టి, ఇద్దరినీ ఆరేళ్ల శత్రువులుగా నిలబెట్టింది. దీనివల్ల తీవ్రమైన పోటీ స్నేహంతో ఇమడదన్న భావం చూసేవారిలో కలుగుతుంది. నిజజీవితం దీనికి సరిగ్గా ఎదురైన సాక్ష్యం ఇస్తున్నది కనుక, కల్పన కంటే వాస్తవమే ఇక్కడ ఉన్నతమైనది. రెండవది, పెళ్లయిన కొత్తలో లౌడా తన భార్య మార్లీన్‌తో సంతోషాన్ని శత్రువుగా వర్ణించే ఘట్టం: సంతోషం మనిషిని బలహీనపరుస్తుందనీ, పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నదన్న అనుమానాన్ని మనసులో నాటుతుందనీ అతని అభిప్రాయం. ఈ మాటకు నాటకీయమైన బిగువు ఉన్నది కనుక యువకుల మనసులో అది నిలిచిపోతుంది. కానీ అదే చిత్రం చివర, జీవితంలో పోగొట్టుకోరానిది ఒకటి ఉన్నందువల్లనే లౌడా ప్రాణాపాయమున్న ఆఖరి పందెం నుంచి తప్పుకొనే సరైన నిర్ణయం తీసుకోగలుగుతాడు. అనురాగం అతణ్ణి బలహీనపరచలేదు, అతని లెక్కలో అంతవరకు లేని ఒక విలువను చేర్చింది. ప్రేమ లేనివాడే గెలుస్తాడన్న నమ్మకంతో చదువుల పేరిట పిల్లలను ఆటపాటలకూ బంధువులకూ దూరం చేసే ఇళ్లు తెలుగునాట తక్కువ కాదు కనుక, ఈ ఘట్టాన్ని ఇక్కడి తల్లిదండ్రులు మరింత నిదానంగా చూడాలి.

1976 ఆగస్టు 1న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన ప్రమాదం చిత్రానికీ ఈ చర్చకూ కూడా కేంద్రం. అడవుల నడుమ దాదాపు 22.8 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరిగే ఆ బాట మీద ప్రమాదం జరిగితే సహాయం వేగంగా చేరలేదని లౌడా ముందే వాదించి, అక్కడ పందెం వద్దన్నాడు. తోటి డ్రైవర్లు అతని మాట నెగ్గనివ్వలేదు, హంట్ ఆ ప్రతిపాదనకు అడ్డు నిలిచినట్లు చిత్రం చూపుతుంది. రెండవ ల్యాపులో, అంటే బాట చుట్టూ రెండవ చుట్టులో, లౌడా కారు అదుపు తప్పి గట్టును ఢీకొని మంటలలో చిక్కుకున్నది. అతణ్ణి బయటికి లాగినది ముఖ్యంగా నలుగురు తోటి డ్రైవర్లు: ఇటలీకి చెందిన ఆర్టురో మెర్జారియో, బ్రిటన్‌కు చెందిన గై ఎడ్వర్డ్స్, అమెరికాకు చెందిన బ్రెట్ లంగర్, ఆస్ట్రియాకు చెందిన హరాల్డ్ ఎర్ట్ల్. వీరిలో మెర్జారియో 1973 వరకు ఫెరారీకి నడిపినవాడు, ఆ మరుసటి ఏడాది ఆ జట్టులో చోటు దొరికినది లౌడాకు. అంటే, తాను పోగొట్టుకున్న జట్టులో చోటు పొందినవానిని మంటలలో నుంచి తీసినవాడతడు. పందెంలో ఎవరు ముందున్నారన్న సంగతి ఆ నిమిషంలో ఆ నలుగురి మనసులలో లేదు. మాత్సర్యం ఉన్నచోట ఎదుటివాని పతనం వార్త అవుతుంది, స్పర్ధ ఉన్నచోట అది పని ఆపి పరుగెత్తవలసిన పిలుపు అవుతుంది.

దీనికి మూడేళ్ల ముందు, 1973లో, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో రోజర్ విలియమ్‌సన్ అనే యువకుని కారు తలకిందులై మంటలలో చిక్కుకున్నప్పుడు డేవిడ్ పర్లీ అనే ఒక్క డ్రైవరు తన కారు ఆపి, ఆ మండుతున్న కారును తిరగవేయాలని ఒంటరిగా పెనుగులాడాడు. పందెం ఆగలేదు, మిగిలిన కార్లు పక్కనుంచి సాగిపోయాయి, విలియమ్‌సన్ మరణించాడు. సాగిపోయినవారిలో కొందరు, రోడ్డుపై కనబడిన పర్లీయే ఆ మండే కారు డ్రైవరనీ, అతడు క్షేమంగా బయటపడ్డాడనీ పొరబడ్డారు కనుక వారిని క్రూరులనడం న్యాయం కాదు. నేరం ఉన్నది మనుషులలో కంటే, మంట కనబడినా ఆగే ఏర్పాటు లేని పోటీ వ్యవస్థలో. స్పర్ధ ధర్మబద్ధంగా ఉండాలంటే ఆడేవారి మంచితనం ఒక్కటే చాలదు. ఆపదలో ఆట దానంతటదే ఆగిపోయేలా దానిని నిర్మించాలి, ఆ నిర్మాణం పెద్దల పని. న్యూర్‌బర్గ్‌రింగ్‌లోని ఆ పాత బాట మీద 1976 తరువాత ఫార్ములా వన్ పందెం మళ్లీ జరగలేదు. లౌడా చెప్పినప్పుడు వినని లోకం అతడు కాలిన తరువాత విన్నది.

ఇక్కడే తల్లిదండ్రుల సమ్మతి అన్న ప్రశ్న ఎదురవుతుంది. వియన్నాలోని సంపన్న పారిశ్రామిక కుటుంబంలో పుట్టిన లౌడాకు పందేల కోసం డబ్బు అందకుండా తాత హన్స్ లౌడా అడ్డుపడ్డాడు. మనుమడు మాత్రం తన జీవిత బీమాను పూచీగా పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకున్నాడు. బ్రిటన్‌లో హంట్ కుటుంబమూ కొడుకు వైద్యుడవుతాడని ఆశించింది. పెద్దల నిరోధం ఇద్దరినీ ఆపలేకపోయింది, లౌడా విషయంలో అది ప్రాణాన్ని తాకట్టు పెట్టే దాకా తీసుకుపోయింది. దీనినుంచి పెద్దలు అడ్డుపడరాదన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. అడ్డుపడటమంటే సంభాషణ తెంచుకోవడం కాదన్నదే ఇందులో తేలే విషయం. చిత్రంలో లౌడా కారెక్కిన ప్రతిసారీ తాను ఒప్పుకునే మరణభయానికి ఒక శాతం నిర్ణయించుకొని, అంతకు మించి ఒక్క శాతం కూడా ఒప్పుకోనంటాడు. ఆ లెక్క సరైనదైనా కాకపోయినా అది వయసు వచ్చిన మనిషి తన ప్రాణం మీద తానే వేసుకున్న లెక్క. పిల్లల విషయంలో ఆ లెక్క వేసేది ఇంకొకరు, ప్రాణం మాత్రం పిల్లవానిది. 2023 ఆగస్టులో చెన్నై సమీపంలోని ట్రాక్ మీద జాతీయ మోటార్‌సైకిల్ పందెంలో 13 ఏళ్ల బాలుడొకడు పడిపోయి ప్రాణాలు కోల్పోయాడు. ఆ కుటుంబపు దుఃఖాన్ని విమర్శకు ఆధారం చేయడం తగదు; కానీ స్వధర్మం, అంటే తన స్వభావానికి తగిన కర్తవ్యం, ఇంకా రూపుదిద్దుకోని వయసులో ప్రాణాపాయాన్ని ఎంచుకునే హక్కు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న భారతీయ సమాజం ఇంకా గట్టిగా వేసుకోలేదు. ప్రాణం పోయే అవకాశమున్న పోటీకి బిడ్డ తరఫున సరేననే అధికారం తల్లిదండ్రులకు లేదనడమే న్యాయంగా తోస్తుంది. బిడ్డ పెరిగి తానే సరే అనగలిగే వరకు కాపాడడం వారి వంతు.

ప్రమాదం తరువాత క్యాథలిక్ మతాచారం ప్రకారం మరణాసన్నులకు చేసే తైలాభిషేక ప్రార్థన కూడా జరిగిన లౌడా, ఆరు వారాలు గడిచేసరికి మోంజాలో కారెక్కి నాలుగవ స్థానంలో నిలిచాడు. చిత్రం ఈ పునరాగమనాన్ని శిఖరంగా మలచింది, ప్రేక్షకులు కూడా దానినే గుర్తు పెట్టుకుంటారు. ఆ రోజులలో కారులో కూర్చున్నప్పుడు భయంతో బిగుసుకుపోయానని లౌడా తరువాత దాచకుండా చెప్పుకున్నాడు కనుక అది అసాధారణ ధైర్యమే. అయినా తత్త్వదృష్టితో చూస్తే అంతకంటే గొప్ప ఘట్టం అక్టోబరు 24న జపాన్‌లోని ఫుజీలో జరిగింది. కుండపోత వానలో, ముందున్న కారు కనబడని పొగమంచులో మొదలైన ఆ ఆఖరి పందేనికి లౌడా మూడు పాయింట్ల ఆధిక్యంతో వచ్చాడు. కాలిన కనురెప్పలు సరిగా మూసుకోవడం లేదు. రెండు ల్యాపులు తిరిగి కారు ఆపి దిగిపోయాడు. ఎమర్సన్ ఫిట్టిపాల్డి వంటి మరికొందరు డ్రైవర్లు కూడా ఆ రోజు విరమించుకున్నారు, కానీ వారెవరికీ పోగొట్టుకోవడానికి ప్రపంచ విజేత పదవి లేదు. ఇంజను చెడిపోయిందని ప్రకటించవచ్చునని ఫెరారీ ఇంజనీరు మౌరో ఫోర్గియేరి సూచించినా లౌడా అందుకు ఒప్పుకోక, ఆ పరిస్థితిలో నడపడం తనకు సమ్మతం కాలేదన్న నిజాన్నే చెప్పాడు. ప్రాణం కోసం పదవిని వదలుకోవడం ఒక ఎత్తు, ఆ వదలుకోవడానికి గౌరవప్రదమైన అబద్ధం చేతికి అందినా తీసుకోకపోవడం మరొక ఎత్తు.

భగవద్గీత చివరి అధ్యాయంలో బుద్ధిని సాత్త్వికం, రాజసం, తామసం అని మూడు విధాలుగా విభజిస్తూ, ఎప్పుడు పనిలోకి దిగాలో ఎప్పుడు విరమించాలో, దేనికి భయపడాలో దేనికి భయపడనక్కరలేదో ఎరిగినది సాత్త్విక బుద్ధి అని చెప్పడం ఇక్కడ గమనార్హం. అక్కడ భయం లేకపోవడాన్ని మాత్రమే మెచ్చుకోలేదు, భయపడవలసిన దానిని గుర్తించడాన్ని కూడా జ్ఞానంలో భాగం చేశారు. అరిస్టాటిల్ కూడా ధైర్యాన్ని పిరికితనానికీ దుస్సాహసానికీ నడుమ ఉన్న మధ్యమ స్థితిగానే నిర్వచించాడు. మోంజాలో కారెక్కిన ధైర్యమూ ఫుజీలో కారు దిగిన ధైర్యమూ రెండు వేర్వేరు గుణాలు కావు. ఒకే బుద్ధి రెండు పరిస్థితులను వేర్వేరుగా తూచింది. మొదటిదాన్ని పొగిడి రెండవదాన్ని మన్నించవలసిన బలహీనతగా చూసేవారు మొదటిదాన్ని కూడా అర్థం చేసుకోలేదు.

మరి దిగకుండా అదే వానలో నడిపి, టైరు మార్చుకోవలసి వచ్చి వెనుకబడి, చివరి ల్యాపులలో మూడవ స్థానానికి ఎగబాకి ప్రపంచ విజేత అయిన హంట్ చేసినది తప్పా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. అతని కళ్లు సరిగా ఉన్నాయి, అతని ప్రాణం అతని నిర్ణయంలోనే ఉన్నది, ప్రత్యర్థి దిగిపోయాడని అతడు ఎగతాళి చేయలేదు. ఆ గెలుపులో కళంకం లేదు. చిత్రం అతణ్ణి చులకన చేయకపోవడం దాని ఔదార్యం. కానీ గెలిచిన తరువాత అతనికి పోటీయే అవసరం లేకపోయిందన్నది చిత్రమూ చరిత్రా కూడా చెబుతున్న విషయం: 1979లో పందేలు మానివేసి, అనంతరం బీబీసీలో వ్యాఖ్యాతగా పనిచేసి, 1993లో 45 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించాడు. లౌడా 1977లోనూ, మధ్యలో విరామం తీసుకొని 1984లోనూ మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. 1984లో అతనికి వచ్చినది తన జట్టులోనివాడే అయిన అలాన్ ప్రోస్ట్ కంటే అర పాయింటు మాత్రమే ఎక్కువ. ఈ విజయాల వల్ల ఫుజీ నిర్ణయం సరైనదని రుజువయిందనడం మాత్రం పొరపాటు. ఆ తరువాత ఒక్క పందెమూ గెలవకపోయినా అది అంతే సరైనది. పిల్లలకు విరమణను నేర్పేటప్పుడు తరువాత దొరికిన బహుమతిని చూపి నేర్పితే, విరమణ కూడా గెలుపు కోసం వేసే ఎత్తుగడగా మారిపోతుంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం, అంటే విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ జరిగినప్పటి నుంచి తెలుగు పిల్లలకు ఈ క్రీడ దూరదేశపు ముచ్చట కాదు. నగరపు రోడ్ల మీద రాత్రివేళ బైకులతో పందేలు వేసే కుర్రవాళ్లకు ఈ చిత్రంలోని వేగం మాత్రమే ఎక్కితే అది ప్రమాదమే కనుక, 16 ఏళ్లు దాటిన పిల్లలకు, పెద్దలు పక్కన కూర్చొని, ఈ చిత్రాన్ని చూపడం మంచిది. అంతకు చిన్నవారికి వద్దు. చూపే తల్లిదండ్రులకు ఒక మనవి. ఫుజీలో లౌడా కారు దిగిన దృశ్యం దగ్గర చిత్రాన్ని కాసేపు ఆపి, అతడు చేసినది సరైనదేనా అని బిడ్డను అడగండి. ఏమి చెప్పినా మధ్యలో అడ్డు తగలక చివరి దాకా వినండి, ఆ తరువాతనే మీ మాట చెప్పండి.